కాపలా యంత్రానికి మెమరీ కరవు
ఫైర్‌వాల్‌ను పునఃప్రారంభించే ముందు లెక్క రాసుకోవాలి

పరీక్ష రుసుము చెల్లింపునకు చివరి రోజు. కళాశాల కార్యాలయం ముందు విద్యార్థులు బారులు తీరి ఉంటారు. ఉన్నట్టుండి ఇంటర్నెట్ నిలిచిపోతుంది. ఫైర్‌వాల్‌ను ఆపి తిరిగి ప్రారంభిస్తే పని చేస్తుంది. పది రోజులకు మళ్లీ అదే తంతు. కళాశాలలు, ఆసుపత్రులు, కార్యాలయాల్లో కంప్యూటర్ల బాధ్యత చూసేవారికి ఈ అవస్థ కొత్త కాదు. ఫైర్‌వాల్‌లో నడిచే ఏదో ఒక ప్రాసెస్ నానాటికీ మెమరీని ఆక్రమిస్తూ పోవడం ఇందుకు ఒక కారణం.

పెరిగినదంతా లోపం కాదు

ఫైర్‌వాల్ కూడా ఒక చిన్న కంప్యూటరే. లినక్స్‌పై నడిచే యంత్రాల్లో ఖాళీగా ఉన్న మెమరీని డిస్కు సమాచారం దాచుకోవడానికి వాడుకుంటారు. అవసరమైతే అది తిరిగి లభిస్తుంది. కనుక ‘ఫ్రీ’ ఆదేశం ఇచ్చినపుడు ‘అవెయిలబుల్’ గడిలోని అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

ఏ ప్రాసెస్ పెరగకుండానే మెమరీ తగ్గుతుంటే కనెక్షన్ల పట్టికను చూడాలి. అది కెర్నెల్ ఆధీనంలో ఉంటుంది. ముగింపు సంకేతం లేకుండా తెగిపోయిన టీసీపీ కనెక్షన్‌ను లినక్స్ సాధారణంగా 4,32,000 సెకన్లు, అంటే 5 రోజుల పాటు పట్టికలో ఉంచుతుంది.

వారం లెక్కే సాక్ష్యం

‘టాప్’ ఆదేశం ఇచ్చి, పెద్ద ‘ఎం’ అక్షరం నొక్కితే మెమరీ ఎక్కువగా వాడుతున్న ప్రాసెస్‌లు వరుసగా కనిపిస్తాయి. ‘పీఎస్’ ఆదేశంలో ‘ఆర్‌ఎస్‌ఎస్’ గడి వాస్తవ వినియోగాన్ని తెలుపుతుంది. ఈ అంకెను గంటకోసారి వారం పాటు నమోదు చేయాలి.

* కొంత పెరిగి స్థిరపడితే అది క్యాష్ కావచ్చు.
* నిబంధనలు తాజాపరచినపుడు ఒక్కసారిగా పెరిగితే కంగారు పడనవసరం లేదు. ఉదాహరణకు సురికాటా కొత్త నిబంధనలు సిద్ధమయ్యే వరకు పాతవాటినీ మెమరీలోనే ఉంచుతుంది.
* సెలవు రోజు రాత్రి, వినియోగం లేని వేళ కూడా పెరుగుతూనే ఉంటే మెమరీ లీకేజీని అనుమానించాలి.

ఉపేక్షిస్తే ముప్పు

మెమరీ పూర్తిగా అడుగంటితే లినక్స్ ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని బలవంతంగా ఆపివేస్తుంది. సాధారణంగా అత్యధికంగా వాడుతున్నదే వేటుకు గురవుతుంది. దాని ఆనవాలు ‘డీమెసేజ్’ నమోదుల్లో దొరుకుతుంది. ఆగిపోయినది తనిఖీ చేసే ప్రాసెస్ అయితే, అమరికను బట్టి రాకపోకలన్నీ నిలిచిపోతాయి; లేదా తనిఖీ లేకుండానే సాగిపోతాయి. రెండోదే ఎక్కువ ప్రమాదకరం. ఇంటర్నెట్ నడుస్తూనే ఉంటుంది కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు.

చేయవలసినవి

పునఃప్రారంభిస్తే సాక్ష్యం చెరిగిపోతుంది. కొన్ని ఫైర్‌వాల్‌లు నమోదులను కూడా మెమరీలోనే ఉంచుతాయి. కనుక వాటిని ముందుగా వేరే కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు చేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాసుకుని, తరువాతి వెర్షన్లలో ఆ లోపం సవరించారేమో విడుదల వివరాల్లో పరిశీలించాలి. ఇటీవల చేర్చిన సదుపాయాలను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. క్యాష్‌లకు పరిమితి విధించాలి. రాత్రివేళ ఆ ఒక్క ప్రాసెస్‌ను పునఃప్రారంభించడం తాత్కాలిక ఉపశమనం మాత్రమే. వారం లెక్కను జతచేసి తయారీదారుకు ఫిర్యాదు పంపితే లోపం ఎక్కడుందో కనిపెట్టడం వారికి సులభమవుతుంది.