రోగి పలుకు - పరిచారిక చెవి

1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయిగారు హైదరాబాదు పశ్చిమభాగమున సైబరు టవర్సు భవనమును ప్రారంభించునాటికి మాదాపూరు చుట్టును బండలును తుప్పలును విస్తారముగ నుండెను. నేడు అచ్చటినుండి కొండాపూరు, గచ్చిబౌలి, నానకరాంగూడలవరకు అద్దాలమేడలు బారులుతీరి నిలిచియున్నవి. ఆ కార్యాలయములకు దీటుగ వైద్యాలయములును వెలసినవి. సాఫ్ట్‌వేరు ఉద్యోగి మొదలు పొలము తాకట్టుపెట్టి వచ్చిన రైతువరకు సకలజనులును వాని గడప ద్రొక్కుచున్నారు. అచ్చట రోగియొక్క రక్తపుపోటు, నాడి, ఊపిరి, నిద్ర, సమస్తమును యంత్రములు క్షణక్షణము కొలిచి తెరమీద చూపుచున్నవి. ఇంతటి కొలతలనడుమ కొలతకు రాక మిగిలిపోవుచున్నదొకటి గలదు. అది రోగి తన నోట చెప్పుకొనదలచిన మాట.

ఈ విషయమున మన పూర్వులు మనకంటె వెనుకబడినవారు కారు. చరకసంహిత సూత్రస్థానము తొమ్మిదవ యధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు విధింపబడినవి. పరిచారకునకు ఉపచారము తెలియుట, నేర్పు, రోగియెడ అనురాగము, శుచిత్వము కావలెను. రోగికి జ్ఞాపకశక్తియు, చెప్పినట్లు నడచుకొనుటయు, వీనితోపాటు భయములేకుండుటయు, తన వ్యాధిని తాను తెలియజెప్పగలుగుటయు కావలెను. పాఠకులు గమనింపవలెను. రోగి వైద్యశాలలోని వస్తువు కాడు. ఆ శాలను మోయు స్తంభములలో నొకడు. మనము ఆ నాలుగు గుణములలో చెప్పినట్లు వినుట యను దానిని మాత్రము మిగుల్చుకొని, నిర్భయముగ చెప్పుకొనుట యను దానిని విడిచిపెట్టితిమి.

మా బంధువర్గములోని యొక వృద్ధురాలికి తుంటియెముక విరుగగా, ఆమెను ఈ ప్రాంతముననే యొక పెద్ద ఆసుపత్రిలో చేర్చిరి. దాని పేరుతో మనకు పనిలేదు. చేర్చుకొనునపుడు అడుగవలసిన ప్రశ్నలన్నియు ఆమె కుమారుని అడిగిరి. మునుపు ఏ మందైనను పడలేదా యను ప్రశ్నకు అతడు లేదనెను. అతనికి తెలిసినది అంతే. కాగితముమీద ఆ మాటయే యెక్కెను. ఆ రాత్రి సూది వేయవచ్చిన మలయాళ దేశపు నర్సు మంచముకడ వంగి, వచ్చీరాని తెలుగులో, "అమ్మమ్మా, ముందు ఎప్పుడైనా సూది వేస్తే ఒళ్లు దద్దుర్లు వచ్చిందా?" అని యడిగెను. "వచ్చిందమ్మా, ప్రాణం పోయినంత పనయింది. వీడికేం తెలుసు, అప్పుడు వీడు పరాయి దేశంలో ఉన్నాడు. నన్నెవరడిగారు గనుక?" అని ముసలమ్మ బదులు చెప్పెను. నర్సు సూదిని ప్రక్కనబెట్టి వైద్యునకు ఫోను చేసెను. మందు మారెను. ఆ సూది పడియుండిన ఏమి జరిగెడిదో మేము చెప్పజాలము. అయితే లక్షలు విలువచేయు యంత్రములు కనిపెట్టలేని సంగతిని ఒక్క ప్రశ్న కనిపెట్టినదని మాత్రము చెప్పగలము.

పాశ్చాత్యదేశములలో పరిచర్యాశాస్త్రము ఇపుడు ఈ ప్రశ్నమీదనే విశేషముగ పరిశోధన సాగించుచున్నది. 1952 లో హిల్డెగార్డు పెప్లో అను అమెరికా నర్సు, పరిచర్య యనగా మందు లందించుట మాత్రమేగాక, రోగికిని నర్సుకును నడుమ నేర్పడు సంబంధమే దానికి ప్రాణమని యొక గ్రంథము వ్రాసెను. తరువాత డొరోతియా ఓరెం, రోగి తనకు తాను చేసికొనగలిగినంత చేసికొనుటకు తోడ్పడుటే నర్సు ధర్మమని సిద్ధాంతీకరించెను. నేటి పరిశోధకులు ఈ భావములను వార్డులోని దినచర్యలోనికి దింపి పరీక్షించుచున్నారు. ఉదాహరణమునకు, పని మారు వేళ ఒక నర్సు మరియొక నర్సునకు రోగుల నప్పగించుట గలదు. సాధారణముగ నిది బల్లకడ కాగితములు చూచుకొని ముగియును. దానినే మంచముకడ, రోగి వినుచుండగ జరిపినచో, "అమ్మా, ఆ మాత్ర నాకు ఇందాకనే ఇచ్చినారు" అని తప్పును దిద్దు మూడవ మనిషి యొకడు అచ్చట నుండును.

పరిశోధన యన్నంతనే విజయగాథ యనుకొనరాదు. ఆస్ట్రేలియాలో 8 ఆసుపత్రులలో 1,600 మంది రోగులతో నొక పరీక్ష జరిపి 2016 లో ఫలితములు ప్రకటించిరి. మంచముపట్టినవారికి వీపున, తుంటిని పుట్టు పుండ్లను నివారించుటకు, మాటిమాటికి కదలుట, చర్మమును కనిపెట్టుకొనుట, మంచి ఆహారము తినుట యను మూడు విషయములను రోగులకే నేర్పి, నర్సులతో కలిసి నడపించిరి. అట్లు నేర్పినచోట పుండ్లు తగ్గినట్లు కనబడెను. కాని ఆసుపత్రికిని ఆసుపత్రికిని గల భేదములను లెక్కకు దీసికొనగా ఆ తగ్గుదల నిస్సందేహమని చెప్పుటకు వీలులేకపోయెను. సత్యము నిట్లు ఒప్పుకొనుటయే శాస్త్రమునకు గౌరవము. రోగిని పాల్గొనజేయుట మంత్రము కాదు. అది ఓపికతో, మనుష్యులతో, కాలముతో జరుగవలసిన పని.

ఆ మనుష్యులు, ఆ కాలము ఎచ్చట? ఐరోపాలోని 9 దేశములలో 300 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందము 2014 లో ప్రకటించిన లెక్కలు అందరును ఎరుగదగినవి. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొలది, శస్త్రచికిత్స పొందినవారు 30 దినములలోపల మరణించు అవకాశము నూటికి 7 వంతులు పెరుగుచున్నదట. చేతినిండ రోగులున్న నర్సు మంచముకడ నిలిచి ప్రశ్న యడుగదు. అడిగినను బదులు వినుటకు నిలువదు. మన దేశమున ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతములు అతిస్వల్పములని సర్వోన్నత న్యాయస్థానమువరకు వ్యాజ్యము పోగా, 2016 లో కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము, చిన్న ఆసుపత్రులలో సైతము నెలకు 20,000 రూపాయలకు తక్కువ కాకుండ నొసగవలెననియు, 200 పడకలకు మించినచోట్ల ప్రభుత్వ నర్సులతో సమానముగ నొసగవలెననియు సిఫారసు చేసెను. పాలరాతి వాకిళ్లు పరచుకొన్న ఆసుపత్రులు ఈ సిఫారసును ఎంతవరకు మన్నించుచున్నవో అచ్చటి నర్సులనే అడిగి తెలిసికొనవలెను.

మన నగరచరిత్రలో రోగి పాల్గొనుటకు వింతయైన సాక్ష్య మొకటి గలదు. 1897 ఆగస్టు 20వ తేదీని సికిందరాబాదున రొనాల్డు రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టెను. ఆ దోమలచేత కుట్టించుకొన్నవాడు హుస్సేనుఖాను అను రోగి. కుట్టిన దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టెను. రాసునకు 1902 లో నోబెలు బహుమానము ముట్టెను. శరీరమును అప్పగించుట వేరు, ఆ శరీరమునుగూర్చిన ఆలోచనలో భాగము పొందుట వేరు. నూటయిరువది యేండ్లు గడచినను మన రోగులలో పెక్కుమంది హుస్సేనుఖాను స్థానముననే యున్నారు. భేదమొక్కటే: అణాలు ఇపుడు రోగియే చెల్లించుచున్నాడు.

ప్రసవములను చూడుడు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 ప్రసవములు కడుపుకోసి చేసినవే. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5. దేశమంతటికి సగటు 21.5 మాత్రమే. ఈ లెక్కలోని తల్లులలో ఎందరికి కారణము విప్పి చెప్పిరి? కొందరు ముహూర్తముకొరకు తామే కోరుచున్నారని వైద్యులు చెప్పుదురు. అదియు కొంత నిజమే. అయినను భయముచేత కోరుట, తెలిసి కోరుట ఒకటి కావు. దీనికి విరుగుడు మన నగరముననే మొలకెత్తినది. ఫెర్నాండెజ్ సంస్థవారు చాలకాలముగ మంత్రసానితనమును శాస్త్రీయముగ నేర్పుచు, 2017 లో తెలంగాణ ప్రభుత్వముతో గూడి 30 మంది నర్సులకు ఆ శిక్షణ నారంభించిరి. ఇట్టి నర్సు నొప్పులు పడు స్త్రీని మంచమున కట్టివేసినట్లు పరుండబెట్టదు. నడువనిచ్చును, కూర్చుండనిచ్చును, ఏమి జరుగుచున్నదో చెప్పును, ఆమె మాట వినును. అపాయము కనబడిన తోడనే వైద్యుని పిలుచును.

చట్టమునందు లోపము లేదు. శస్త్రచికిత్సకు ముందు రోగి తగినంత తెలిసికొని సమ్మతింపవలెననియు, పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదనియు 2008 లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2018 లో జాతీయ మానవహక్కుల సంఘము రోగులకు 17 హక్కులతో నొక పత్రము సిద్ధపరచెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 లో సెప్టెంబరు 17వ తేదీ రోగి భద్రతా దినమును రోగుల భాగస్వామ్యమునకే యంకితము చేసెను. అయినను సమ్మతిపత్రము ఆంగ్లమున నున్నచో, చేవ్రాలు చేయువానికి తెలుగు తప్ప రానిచో, ఈ తీర్పులన్నియు గోడకు వ్రేలాడు పటములే.

లోపము మనయందును గలదు. వ్యాధిపేరు తండ్రికి తెలియరాదని కుమారులు దాచుదురు. "డాక్టరుగారు చూచుకొందురు, నీకెందుకమ్మా" అని తల్లి నోరు మూయించుదురు. ప్రేమచేతనే యట్లు చేయుదురు. కాని ఆ ప్రేమ మంచముమీది మనిషిని జీవించియుండగనే మాటలేనివానిగ జేయుచున్నది.

కావున ఆసుపత్రుల యజమానులకు మా మనవి: సమ్మతిపత్రములను తెలుగున, ఉర్దూలో ముద్రింపుడు, పరరాష్ట్రములనుండి వచ్చిన నర్సులకు పనివేళలలోనే తెలుగు నేర్పుడు, అప్పగింతలు మంచముకడ జరిపింపుడు, నర్సుకు తగినంత జీతము, తగినంత తీరిక కల్పింపుడు. పాఠకులకు మా మనవి ఇంకను చిన్నది. మీవారిని ఆసుపత్రికి గొనిపోవునపుడు పడని మందుల పేర్లు, వాడుచున్న మందుల పేర్లు ఒక కాగితముమీద తెలుగున వ్రాసి రోగి చేతికిండు. ప్రశ్న వచ్చినపుడు మీరు బదులు చెప్పకుడు. ప్రక్కకు తొలగి, మంచముమీదివారిని చెప్పనిండు. ఆ ముసలమ్మ నేడు కఱ్ఱ పట్టుకొని వాకిట తిరుగుచున్నది. ఆసుపత్రినిగూర్చి యడిగినవారికి ఆమె చెప్పునది అద్దాలమేడనుగూర్చి కాదు, తన్ను ప్రశ్న యడిగిన ఆ పిల్లనుగూర్చి.