మత్స్యకన్యకు ఊపిరి యెక్కడిది?

నడుము వరకు మానవరూపము, నడుము దిగువ చేపతోక. ఈ వింత యాకారము లోకమునందలి పెక్కు జాతుల కథలలో కనుపించును. మన దేవాలయ శిల్పములలో మత్స్యావతార మూర్తి తరచుగా ఈ రూపముననే నిలిచి యుండును. మైరావణుని కథలో పాతాళలంక ద్వారమును కాచు మత్స్యవల్లభుడు తెలుగువారికి చిరపరిచితుడు. 1996లో వచ్చిన ‘సాహసవీరుడు సాగరకన్య’ చలనచిత్రము తరువాత, సముద్రము నెన్నడును చూడని పల్లెలలోని బాలబాలికలకును సాగరకన్య సుపరిచితురాలైనది. సముద్రమునకు ఎంతో దూరముననున్న రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల సీమలోని విద్యార్థి కూడ మత్స్యకన్యను గీయుమన్నచో తడుముకొనక గీయగలడు.

ఆ విద్యార్థి అంతటితో ఆగక, “అయ్యా, ఇది నీటిలో ఊపిరి యెట్లు పీల్చును? గ్రుడ్లు పెట్టునా, పిల్లలను కనునా?” అని ప్రశ్నించినచో చాలమంది పెద్దలు చెప్పు సమాధానమొక్కటే: “అది అభూతకల్పన, దానికి శాస్త్రమేమి?” ఈ సమాధానము అసత్యము కాదు. కాని యిది ప్రశ్నను చంపును. కల్పనకు నియమము లేదనుట సాహిత్యము తెలిసినవారు అనదగిన మాట కాదు. కాశ్మీర దేశీయుడగు క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దిలోనే కావ్యమునకు ప్రాణము ఔచిత్యమని సిద్ధాంతము చేసెను. లోకమున లేని వస్తువును కవి సృష్టింపవచ్చును. సృష్టించిన పిమ్మట దాని అంగములు ఒకదానితో నొకటి పొసగవలెను. మత్స్యకన్య విషయమున ఈ పొసగికను పరీక్షించుటకు నాలుగు ప్రశ్నలు చాలును: ఊపిరి యెట్లు? సంతానమెట్లు? పెరుగుదల యెట్లు? మరణమెట్లు?

మొదటిది ఊపిరి. ఒక లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువు గలదు. మన యెండదేశపు చెరువునీటిలో లీటరునకు దాదాపు 6 మిల్లీలీటర్లు మాత్రమే కరగి యుండును. చేప తన మొప్పలతో ఈ కొద్దిపాటి ప్రాణవాయువును గ్రహించి బ్రతుకగలుగుటకు ముఖ్యకారణము, చాల చేపల శరీరము చుట్టునున్న నీటి యంత చల్లగానే యుండుట. శరీరమును వెచ్చగా నుంచుకొను ఖర్చు వానికి లేదు. మానవుని సంగతి వేరు. అతని మెదడు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లే యైనను, శరీరము వినియోగించు ప్రాణవాయువులో నూటికి ఇరువది పాళ్లు అదియే హరించును. పైగా నీరు గాలికంటె ఇరువది రెట్లకు మించి త్వరగా శరీరపు వేడిని లాగివేయును. కావున పాడునట్టి, ప్రేమించునట్టి, ఆలోచించునట్టి మత్స్యకన్య మొప్పలతో జీవింపజాలదు. ఆమెకు ఊపిరితిత్తులు కావలెను, చర్మము క్రింద మందమైన కొవ్వుపొర కావలెను, మాటిమాటికి నీటిపైకి రావలెను. మత్స్యకన్య సముద్రముపై తేలి, రాతిపై కూర్చుండినట్లు కథకులు వర్ణించుట కేవలము అలంకారము కాదు. ఊపిరి కొరకు ఆమె పైకి రాక తప్పదు.

ఊపిరినుండి తోకకు పోవుదము. చేప తన తోకను కుడియెడమలకు ఆడించును. తిమింగిలము, డాల్ఫిన్ తమ తోకను పైకిని క్రిందికిని ఆడించును. ఏలయనగా వాని పూర్వజీవులు నేలపై నాలుగు కాళ్లతో పరుగెత్తినవి. పరుగులో వెన్నెముక పైకి క్రిందికి వంగు అలవాటు నీటిలోనికి దిగిన పిమ్మటను పోలేదు. చిత్రకారులు గీసిన పలు మత్స్యకన్యల తోకలపై చేపపొలుసులున్నను, తోకచివర మాత్రము తిమింగిలపు తోకవలె అడ్డముగా పరచుకొని యుండును. తెలిసియో తెలియకయో వారి కుంచె సరియైన పక్షమునే పట్టినది.

ఈ లక్షణములన్నియు గల ప్రాణి ప్రకృతిలో కలదు. దానిని మనవారు సముద్రపు ఆవు అందురు. శాస్త్రజ్ఞులు డుగాంగ్ అందురు. ఇది చేప కాదు, క్షీరదము. ఏనుగునకు దూరపు బంధువు. సముద్రగర్భమునందలి గడ్డిని మేసి బ్రతుకును. దీని గర్భకాలము సుమారు 14 నెలలు. ఒక కాన్పున ఒకే పిల్ల. ముంగాళ్ల మొదలులందున్న స్తనములతో దాదాపు ఏడాదిన్నర పాలిచ్చును. ఒక కాన్పునకును మరియొక కాన్పునకును నడుమ కొన్ని సంవత్సరములు గడచును. డెబ్బది యేండ్ల వరకు జీవింపగలదు. 1493 జనవరిలో కొలంబసు తాను మూడు సాగరకన్యలను చూచితిననియు, అవి చిత్రములలో నున్నంత అందముగా లేవనియు నమోదు చేసెను. ఆతడు చూచినవి ఈ వర్గమునకే చెందిన మనాటీలని పండితుల అభిప్రాయము. ఈ వర్గమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన ‘సైరీనియా’ అను పేరే గ్రీకు కథలలోని గానమోహినుల పేరునుండి వచ్చినది.

ఇక రెండవ ప్రశ్న, సంతానము. రోహు చేప ఒక్క ఋతువులో లక్షలకొలది గ్రుడ్లను నీటికి వదలి తన దారిని పోవును. వానిలో పెరిగి పెద్దవగునవి కొన్నియే. మానవమాత ఒక్క శిశువును నవమాసములు మోసి, ఏండ్ల తరబడి పెంచును. మత్స్యకన్య ఏ దారిని పోవలెను? మహాభారతము దీనికి స్పష్టమైన సమాధానమిచ్చినది. శాపవశమున యమునలో చేపయై యున్న అద్రిక అను అప్సర, ఉపరిచరవసువు తేజస్సును మ్రింగి గర్భము దాల్చెను. పదియవ నెలలో జాలరులు ఆ చేపను పట్టి కోయగా, కడుపులో ఒక బాలుడును ఒక బాలికయు కనబడిరి. ఇందు లక్షల గ్రుడ్లు లేవు; ఇద్దరే శిశువులు. గర్భకాలమును మానవునిదే. గర్భము చేపది, కాలము మనుష్యునిది. బాలుడు మత్స్యరాజయ్యెను. బాలిక దాశరాజు ఇంట పెరిగి, మేని చేపవాసనచే మత్స్యగంధి యయ్యెను. పరాశరుని వరమున యోజనగంధియై, వ్యాసునికి తల్లియై, పిదప శంతనుని పట్టమహిషియై కురువంశమునకు పెద్దదిక్కయ్యెను. నన్నయ ఆదిపర్వము ద్వారా ఈ కథ తెలుగువారికి తొమ్మిది శతాబ్దములకు పైగా తెలిసినదే. జన్మమూలమును ఇతిహాసకర్త దాచలేదు. వాసనరూపమున ఆమె మేనిపై నిలిపి, ఆ పిమ్మటనే దానిని మార్చెను. ఔచిత్యమనగా ఇదియే.

మూడవది పెరుగుదల. మనుష్యుడు ఇరువది యేండ్ల ప్రాంతమున ఎదుగుట మానును. పెక్కు చేపలు బ్రతికియున్నంత కాలము, కొంచెము కొంచెముగనైనను, పెరుగుచునే యుండును. స్థలము, ఆహారము లభించిన కొలది ఈ పెరుగుదల హెచ్చును. భాగవత అష్టమస్కంధములోని మత్స్యావతార కథను ఈ దృష్టితో మరల చదువవలెను. కృతమాలా నదిలో తర్పణము విడుచుచున్న సత్యవ్రతుని దోసిట ఒక చిన్నచేప పడెను. అది కమండలువులో నుంచగా కమండలువును మించెను; పెద్ద పాత్రను, మడుగును, సరస్సును మించి కడకు సముద్రమునకు చేరెను. భక్తునికి ఇది భగవన్మహిమ. ఆ మహిమను చూపుటకు పౌరాణికుడు చేపనెన్నుకొనుటలో మాత్రము లోకజ్ఞానము తొంగిచూచుచున్నది. ఉన్నచోటు చాలక పెరుగు ప్రాణిగా చేపకంటె తగినది మరియొకటి దొరకుట కష్టము.

నాలుగవది మరణము. డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో ప్రకటించిన చిన్న మత్స్యకన్య కథలో సముద్రజనులకు ఒక సంపూర్ణ జీవితచక్రమును నిర్ణయించెను. పదునైదవ యేట మాత్రమే కన్యకు నీటిపైకి వచ్చుటకు అనుమతి. ఆయుర్దాయము మూడువందల యేండ్లు. పిదప నురుగై కరగిపోవుట. మనుష్యులకు ఆయువు తక్కువ, కాని అమరమైన ఆత్మ గలదు; సముద్రజనులకు ఆయువు ఎక్కువ, ఆత్మ లేదు. ఈ నియమము ముందే స్థిరపడి యుండుటచేతనే, కాళ్ల కొరకు కంఠస్వరమును వదలుకొన్న ఆ కన్య దుఃఖము పాఠకుని కదలించును. నియమము లేనిచోట త్యాగమునకు విలువ లేదు.

ఇంతవరకు చూచినది, నేలజీవి నీటికి మరలిన దారి. మరి మొప్పలును ఊపిరితిత్తులును ఒకే శరీరమున ఇముడునా? ఈ ప్రశ్నకు సమాధానము కొరకు సముద్రతీరమునకు పోనక్కరలేదు. బొగ్గుసీమ విద్యార్థికి అది తన ప్రాంతపు శిలలలోనే కలదు.

రామగుండమున త్రవ్వుచున్న బొగ్గు ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు మించిన పూర్వపు అడవులది. ప్రాణహిత గోదావరి లోయలో ఆ బొగ్గుపొరలకు మీదివిగా, తరువాతి కాలపు ఎఱ్ఱమట్టి శిలలు గలవు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మలేరి గ్రామము పేర వానిని మలేరి శిలలందురు. వాని వయస్సు ఇరువది కోట్ల యేండ్లకు పైమాట. ఆ శిలలలో విసనకఱ్ఱవలె గట్లు తేలిన వింత దంతఫలకములు లభించినవి. ఇట్టి దంతములుగల ప్రాణికి 1838లో లూయీ అగస్సీ ‘సెరటోడస్’ అని పేరు పెట్టెను. అప్పటికి దంతములే కాని ప్రాణి తెలియదు. మొదట దానిని సొరచేపల వర్గమున చేర్చిరి. మలేరి దంతములను గూర్చి భారత భూగర్భ పరిశోధన శాఖాధిపతి థామస్ ఓల్డుహాము 1859లో వ్రాసెను. పదునొకండు సంవత్సరముల పిదప, 1870లో, ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు నదులలో అట్టి దంతములు గల చేప ప్రాణముతో దొరకెను! సిడ్నీ ప్రదర్శనశాలకు చెందిన గెరార్డు క్రెఫ్ట్ దానిని గుర్తించి లోకమునకు తెలిపెను. దానికి మొప్పలును గలవు, ఒక ఊపిరితిత్తియు గలదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు నీటిపైకి వచ్చి గాలి పీల్చును. నీటిమొక్కలపై గ్రుడ్లు పెట్టును, మెల్లగా పెరుగును, దీర్ఘకాలము జీవించును. అమెరికాలోని షికాగో జలచరశాలకు 1933లో వచ్చిన ఇట్టి చేప యొకటి 2017 వరకు జీవించెను. ఆఫ్రికాలోని దీని బంధువులు బాల్యమున వెలుపలి మొప్పలతో బ్రతికి, పెద్దవైన పిమ్మట ప్రధానముగా ఊపిరితిత్తులపై ఆధారపడును.

రాతిలోని చేపను చూడ వీలుకానివారికి వానకాలపు గుంట చాలును. తొలకరికి పసుపురంగు దాల్చి బెకబెకలాడు బోదురుకప్ప గ్రుడ్లనుండి చిరుకప్పలు వెలువడును. వానికి తోక గలదు, మొప్పలు గలవు, కాళ్లు లేవు. కొన్ని వారములలో వెనుకకాళ్లు, ముందుకాళ్లు వచ్చును, ఊపిరితిత్తులు ఏర్పడును, తోక శరీరములోనికే ఇంకిపోవును. ఆండర్సన్ కన్య మంత్రగత్తెకు స్వరమునిచ్చి కొనుక్కొన్న మార్పును ఈ ప్రాణి తన బాల్యమునే మూల్యముగా ఇచ్చి సాధించుచున్నది. ఎదిగిన పిమ్మట స్వరము కూడ లాభించుచున్నది! వానలు రానియేడు రోకలికి కప్పను కట్టి, వేపరెమ్మలు చుట్టి, ఇల్లిల్లు తిరిగి నీళ్లు పోయించుకొను కప్పతల్లి ఆట తెలంగాణ పల్లెలకు క్రొత్త కాదు. నీటికిని నేలకును నడుమ నిలిచిన ప్రాణికే వానను పిలుచు అధికారమును ఇచ్చిన పల్లెవారి భావన మెచ్చదగినది.

తనది కాని లోకములోనికి దిగువాడు ఊపిరిని ఎట్లు తెచ్చుకొనును? ఈ ప్రశ్న గనికార్మికుని బిడ్డకు పుస్తకములలోని ప్రశ్న కాదు. భూగర్భ గనిలోనికి కార్మికుడు తలదీపముతో దిగునప్పుడు, అతని ఊపిరి కొరకు పైన భారీ పంకాలు రేయింబవళ్లు తిరుగవలెను. ఊటనీటిని పంపులు తోడుచుండవలెను. చేప కోట్ల యేండ్లలో శరీరమును మార్చుకొని సాధించినదానిని మనుష్యుడు యంత్రముతో సాధించెను. పంకా నిలిచినచో ఏమగునో ఆ బిడ్డకు ఎవరును చెప్పనక్కరలేదు.

కావున మత్స్యకన్యను గూర్చిన ప్రశ్నను త్రోసిపుచ్చుట వలన పోవునది ఒక్క కల్పన మాత్రమే కాదు. బేరింగు సముద్రమున 1741లో శాస్త్రలోకమునకు తెలిసిన స్టెల్లరు సముద్రపు ఆవు, వేట వలన 1768 నాటికే, అనగా ఇరువదియేడు సంవత్సరములలో, భూమిపై లేకుండ పోయెను. మన దేశమున డుగాంగులు మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతము, కచ్ సింధుశాఖ, అండమాన్ నికోబారు దీవుల నీళ్లలో మాత్రమే మిగిలినవి. 2022లో తమిళనాడు ప్రభుత్వము పాక్ అఖాతములో 448 చదరపు కిలోమీటర్ల మేర వానికి రక్షితప్రాంతమును ప్రకటించినది. కొన్ని యేండ్ల కొక పిల్లను మాత్రమే కను ప్రాణి తగ్గినచో తిరిగి పెరుగుట యెంత కష్టమో, దాని జీవితచక్రము తెలిసినవారికే బోధపడును. ఊరిగుంటలు పూడినచో చిరుకప్పల గతియు అంతియే.

ఉపాధ్యాయులు ఈసారి తరగతిలో ఒక మత్స్యకన్య బొమ్మ కనబడినప్పుడు దానిని ప్రక్కకు నెట్టక, పై నాలుగు ప్రశ్నలను ఆ బొమ్మ క్రింద వ్రాయించవలెను. సమాధానముల కొరకు విద్యార్థి ఒకవైపు ఆదిపర్వమును, మరియొకవైపు జీవశాస్త్రమును తెరువవలసి వచ్చును. ఆ రెండు గ్రంథములు ఒకే బల్లపై ప్రక్కప్రక్కన తెరచి యుండుట మన పాఠశాలలలో అరుదైన దృశ్యము. వానకాలము వచ్చినప్పుడు గుంటలోని చిరుకప్పలను ఒక గాజుసీసాలో తెచ్చి, కాళ్లు వచ్చువరకు దినదినము పరిశీలింపజేసి, తిరిగి ఆ గుంటలోనే విడిపించినచో మూడవ గ్రంథమును తెరచినట్లే.