తలమీఁది నాట్యము - జుట్టు రాలుట

బ్రేకు నాట్యము మన పల్లెలకుఁ గ్రొత్తది కాదు. 1987వ సంవత్సరమున పసివాడి ప్రాణం చిత్రములో చిరంజీవి ఆ తీరున ఆడినది మొదలు మా తొగుట పిల్లలును పెండ్లిపందిళ్లలో, గణపతి నవరాత్రులలో అట్లే ఒళ్లు విరిచి ఆడుచున్నారు. 1970వ దశకమున న్యూయార్కు నగరములోని బ్రాంక్సు పేటలోఁ బుట్టిన యీ విద్యకు 2024 ఆగస్టులో పారిసు ఒలింపిక్సున పతకములు గూడ నిచ్చిరి. కావున దీనిని వెఱ్ఱి గంతులని త్రోసివేయుట న్యాయము కాదు. నా మాట నాట్యమును గూర్చి కాదు, తలను గూర్చి.

అందొక భంగిమ కలదు. కాళ్లు మింటికెత్తి, నడినెత్తి నేలనాని, బొంగరమువలె గిరగిర తిరుగుట. మన స్త్రీలు బిందెలను, కట్టెలమోపులను నెత్తిన మోయుట లేదా యని మీరడుగవచ్చును. బిందె క్రింద కుదురుండును. బరువు కదలక నిలుచును. ఇక్కడ బరువుతోపాటు రాపిడి కలదు. తిరుగలి పైరాయి తిరిగినప్పుడే గదా గింజ పిండి యగును! నడినెత్తి చర్మమునకుఁ బట్టు గతి అదియే.

మన తలపై సుమారు లక్ష వెండ్రుకలుండును. దినమునకు 50 మొదలు 100 వఱకు రాలుట సహజము. రాపిడివలన మొదట వెండ్రుక నడుమ తెగును. కుదురు (బిందె క్రింది కుదురు కాదు, వెండ్రుక కుదురు) బ్రతికియుండును గనుక, ఆ యాట మానినచో నెలకు ఒక సెంటీమీటరు చొప్పున మరల పెరుగును. ఏండ్లతరబడి వాపు, పుండు వచ్చుచుండినచో కుదురు చచ్చి మచ్చ కట్టును. అచ్చట ఏ తైలమును పనిచేయదు. సుశ్రుతుఁడు ఇంద్రలుప్తమను వ్యాధిని వర్ణించుచు, వాతపిత్తములు వెండ్రుకలను రాల్చుననియు, పిమ్మట కఫరక్తములు రోమకూపములను మూసివేయుటచే మరల మొలవవనియుఁ జెప్పెను. ఆ కారణమును నేఁటి వైద్యులు అంగీకరింపరు. కాని రాలుట వేఱు, ద్వారము మూసికొనుట వేఱు అను వివేకము నాకు నచ్చినది.

డెన్మార్కు దేశమున ముప్పదియేండ్లు దాటిన యొక నర్తకుఁడు సుమారు 19 ఏండ్లు దీనిని సాధన చేసెను. వారమునకు ఐదుమారులు, మారొక్కింటికి గంటన్నర. అందు నెత్తి నేలనానునది 2 మొదలు 7 నిమిషములే. అయినను నడినెత్తి జుట్టు పోయి, చర్మము క్రింద నొప్పిగల గట్టి బొడిపె పెరిగెను. టోపీ లేక నలుగురిలోనికి వచ్చుటకు అతఁడు సంకోచించుచుండెను. శస్త్రచికిత్సచే దానిని తొలగించిరి. అది పుట్టకురుపు కాదని తేలినది. 2024 అక్టోబరున బ్రిటిషు వైద్యపత్రిక యొకటి యీ వృత్తాంతమును ప్రకటించెను. నూఱుమందికిఁ బైగా నర్తకులను విచారించిన మఱియొక పరిశీలనలో ఇంచుమించు మువ్వురిలో నొకరు జుట్టు రాలినదని చెప్పిరి.

ముప్పదియేండ్లు బడిపిల్లల తలలను పైనుండి చూచినవాఁడను గనుక చెప్పుచున్నాను: ఇంటిలో పిల్లవాఁడు టోపీ తీయకున్నచో, కేకలు వేయక, కూర్చుండఁబెట్టి తల చూడుఁడు. నడినెత్తిన గుండ్రని పలుచదనము, ఎఱ్ఱదనము, బొడిపె కనఁబడినచో రాపిడిని అనుమానింపుఁడు. పొట్టు రాలుచు, దురదతో, వెండ్రుకలు మొదటనే విరిగినచో అది తామర కావచ్చును. ఒకరి టోపీ మఱియొకరు పెట్టుకొనుటచే అంటును. దానికి పైపూఁత చాలదు, వైద్యుఁడిచ్చు మాత్రలు మ్రింగవలెను.

ఆట మానుమనిన వారు మానరు. మానకున్నను దాఁచుట నేర్తురు. కనుక సిమెంటు గచ్చుపైఁ దిరుగవలదనుఁడు. నున్నని పలక వేయించుఁడు, మెత్తని లోపలిపొర గల టోపీ కొనిపెట్టుఁడు. మెడ బలపడక ముందు ఈ భంగిమకుఁ బోరాదు. మెడ యెముక చెడిన బాధ జుట్టు పోయిన బాధవంటిది కాదు. మంట పుట్టిన దినమున ఆపి, చర్మము పూర్తిగా మానువఱకు నెత్తి నేలనానింపరాదు. రెండు మూఁడు నెలలకును జుట్టు మొలవకున్నను, బొడిపె తగ్గకున్నను నాటుపసరులు పూసి కాలహరణము చేయవలదు. సిద్దిపేటలో 2018 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. అచ్చటి చర్మవైద్యునకుఁ జూపి, వీఁడు తలపైఁ దిరుగునని మొదటనే చెప్పుఁడు. పిల్లవాఁడు తానుగాఁ జెప్పఁడు.