నోరు తెరవడానికి వ్యాయామం

రాయలసీమలో రాగి సంగటి తినేవారికి నోటి కొలత వేరే చెప్పనక్కరలేదు. ముద్దను తుంచి, ఊరుబిండి అద్దుకొని నోట వేసుకోవడానికి నోరు ఎంత తెరుచుకోవలెనో చేతికే తెలుసు. వైద్యులు వాడే తేలిక కొలత కూడా చేతివేళ్లదే. ఎవరైనా తమ చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు ఒకదానిపై ఒకటిగా చేర్చి పై పళ్లకు, కింది పళ్లకు నడుమ పెట్టగలిగితే నోరు చాలినంత తెరుచుకొంటున్నదన్నమాట. పెద్దవారిలో ఈ ఎడము సాధారణంగా 35 నుండి 55 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 35 మిల్లీమీటర్లకు మించకపోతే దవడ బిగిసినట్లు లెక్క. వైద్య పరిభాషలో దీనిని ట్రిస్మస్ అంటారు.

ధనుర్వాతంలో దవడలు కరచుకొనిపోవడం పల్లెలలో పెద్దలు ఎరిగినదే. నోటి కాన్సరుకు చికిత్స పొందినవారిలో వచ్చే బిగువు అంత హఠాత్తుగా రాదు. రోగి చికిత్స ముగించుకొని ఇల్లు చేరి, పుండు మానినదని ఊరట చెందిన తరువాత, నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది. మొదట ముద్ద చిన్నదవుతుంది. తరువాత గంజి, జావ తప్ప దిగవు. పళ్లు తోముకోవడం కష్టమవుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, కాన్సరు మళ్లీ వచ్చినదేమో చూడటానికి వైద్యునికి నోటి లోపలి భాగం కనబడదు.

ఇది ఎందుకు జరుగుతుంది? నోటిని మూసే కండరాలు కణతమీద, బుగ్గ వెనుక, దవడ లోపలి వైపున ఉన్నాయి. తెరిచే కండరాలకంటె ఇవి చాలా బలమైనవి. శస్త్రచికిత్స చేసినచోట మచ్చ కట్టి ముడుచుకొంటుంది. కాన్సరు కణాలను చంపడానికి పంపిన కిరణాలు ఆ దారిలోని కండరాలనూ తాకుతాయి. దెబ్బతిన్న ఆ కండరాలలో కొల్లాజెన్ అనే నారపదార్థం పేరుకొని, సాగే గుణం తగ్గిపోతుంది. నానిన తోలును సాగదీసి కడితే సాగినంత మేరకు ఆరుతుంది. ఊరక వదిలితే ముడుచుకొని గట్టిపడుతుంది. దవడ సంగతీ ఇంచుమించు అటువంటిదే. కిరణ చికిత్స తరువాత మొదటి తొమ్మిది నెలలలోనే నోటి ఎడము వేగంగా తగ్గుతుంది. నార గట్టిపడిన పిమ్మట ఎంత ప్రయత్నించినా ఫలితం స్వల్పం. కనుక బిగువు కనిపించేవరకు ఆగక, వైద్యుడు అనుమతించిన వెంటనే వ్యాయామం మొదలుపెట్టవలెను.

వక్క, గుట్కా నమిలేవారికి మరొక చిక్కు ఉన్నది. కాన్సరు రాకముందే వారి బుగ్గల లోపలి పొర కింద నార పేరుకొంటుంది. ఈ జబ్బును 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు కెన్యాలోని ఐదుగురు భారతీయ స్త్రీలలో గుర్తించి వర్ణించాడు. ఇటువంటివారిలో చికిత్సకు ముందే నోరు కొంత మూసుకొని ఉంటుంది.

వ్యాయామం తేలికైనదే. మొదట నోటిని తెరవగలిగినంత తెరచి, కొన్ని క్షణాలు నిలిపి, మెల్లగా మూయవలెను. కింది దవడను కుడికి, ఎడమకు, ముందుకు కదపవలెను. ఆ తరువాత సాగదీయడం. వైద్యులు నాలుకను నొక్కి చూడటానికి వాడే చదునైన చెక్కపుల్లలను, పట్టినన్ని, ఒకదానిపై ఒకటి పేర్చి పళ్ల నడుమ ఉంచి అర నిమిషం నిలుపుతారు. కొన్ని రోజులకు సులువైతే మరొక పుల్లను జేర్చుతారు. చేతితో నొక్కి దవడలను విడదీసే పరికరాలు కూడా ఉన్నాయి. వాటికి చెప్పే ఒక పద్ధతి గుర్తుంచుకోవడం సులభం: రోజుకు 7 మార్లు, మారుకు 7 సార్లు, సారికి 7 సెకన్లు.

లాగినట్లు తెలియవలెను గాని నొప్పి పుట్టరాదు. పళ్లు కదులుతున్నా, కొత్తగా కుట్లు వేసి ఉన్నా, దవడ ఎముక తీసివేసి ఉన్నా వైద్యుని అడగనిదే పుల్లలు పెట్టరాదు. కిరణాలు తగిలిన చర్మానికి వేడి సరిగా తెలియకపోవచ్చును కనుక కాపడం పెట్టడంలోనూ జాగ్రత్త అవసరం. కొంతకాలం బాగుండి, ఉన్నట్టుండి నోరు బిగిసినా, కొత్తగా నొప్పి, పుండు, వాపు కనిపించినా వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలెను. అది కాన్సరు తిరిగి రావడానికి గుర్తు కావచ్చును.

నల్లమల అంచున ఉన్న ఆత్మకూరువంటి ఊరినుండి కిరణ చికిత్సకు కర్నూలుకో హైదరాబాదుకో పోవలసి వస్తుంది. కర్నూలే సుమారు 70 కిలోమీటర్లు. ఆరేడు వారాల చికిత్సకు అక్కడ ఉండగలిగినవారు కూడా, ఆ తరువాత దవడ వ్యాయామానికై రోజూ పోయిరాలేరు. పోవలసిన పని కూడా లేదు. అక్కడి ఫిజియోథెరపిస్టు వద్ద పద్ధతి ఒకసారి సరిగా నేర్చుకొంటే మిగిలినది ఇంటి అరుగుమీద జరిగే పనే. వారానికొకసారి ఎన్ని పుల్లలు పట్టినవో గోడమీది కాలెండరులో రాసిపెట్టుకోవలెను. ఆ లెక్క తగ్గుతూ వస్తే, సంగటి ముద్ద దిగకుండా పోయే రోజు వరకు ఆగక, ముందే వైద్యుని చూడవచ్చును.