సహవాసము, పాలు, పొత్తు: తెలుగు బైబిలున ‘కొయినోనియా’ భావము

ఒక భాషయందలి మతగ్రంథము వేరొక భాషలోనికి దిగునపుడు, ఆ భాషలోని సామాన్యపదములే క్రొత్త బరువును మోయవలసి యుండును. ఇంటను, పొలమునను, సంతయందును వాడుకలోనున్న మాట దేవాలయమునకు వచ్చును. వచ్చినపుడు తన పూర్వార్థమును పూర్తిగా విడువదు. క్రొత్తయర్థమును పూర్తిగా మోయనును జాలదు. తెలుగు క్రైస్తవ వాఙ్మయమున నిట్టి పదములు పెక్కు గలవు. వానిలో ‘సహవాసము’ అను నొక్క పదమును మాత్రమే ఈ వ్యాసమున పరిశీలింప నుద్దేశించితిమి.

తెలుగు క్రైస్తవుల నిత్యవ్యవహారమున ఈ పదము రెండు రీతుల వినవచ్చును. దేవునితో సహవాస మొకటి, తోడివిశ్వాసులతో సహవాసము రెండవది. మొదటిది ఏకాంత ప్రార్థనకు సంబంధించినదనియు, రెండవది కూటములకు, స్నేహములకు సంబంధించినదనియు సామాన్యముగా తలతురు. మొదటిదానియందు వృద్ధిపొందినవాడు రెండవదానిని లెక్కింపకున్నను దోషము లేదని తలచువారును గలరు. ఈ విభజన మూలగ్రంథమున కలదా? లేనిచో తెలుగున నెట్లు పొడసూపినది? ఇదియే మా ప్రశ్న.

1. మూలపదము

క్రొత్తనిబంధన గ్రీకుభాషలో వ్రాయబడినది. అందు ‘సహవాసము’నకు మూలము ‘కొయినోనియా’ అను పదము. ‘కొయినోస్’ అనగా ఉమ్మడియైనది, పెక్కుమందికి చెందినది. కావున కొయినోనియా యనగా ఒక వస్తువునందు పలువురు కలిసి పాలుగొనుట. కూడియుండుట దీని ఫలము మాత్రమే. ఉమ్మడి వస్తువు దీనికి మూలము.

ఈ పదకుటుంబము లౌకిక వ్యవహారమున పుట్టినది. లూకా సువార్త అయిదవ అధ్యాయమున యాకోబు, యోహానులు సీమోనుతో చేపలవృత్తియందు భాగస్థులని చెప్పబడినది. అచ్చటి మాట ఈ కుటుంబములోనిదే. పడవలును, వలలును, దొరకిన చేపలును, నష్టమును వారికి ఉమ్మడి. యెరూషలేములోని తొలి విశ్వాసులు తమ కలిమిని ఉమ్మడిగా నుంచుకొనిరని అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయమున చెప్పునపుడును ఆ మూలధాతువే కనబడును. తెలుగు అనువాదకులు దానిని ‘సమష్టిగా’ అని చక్కగా తెనిగించిరి.

2. ఒక గ్రీకుపదము, ఆరు తెలుగు మాటలు

క్రొత్తనిబంధనను తెలుగున ముద్రించు ప్రయత్నములు పందొమ్మిదవ శతాబ్ది తొలిదశలోనే యారంభమైనవి. విశాఖపట్టణమున పనిచేసిన లండను మిషనువారి సువార్తల అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. 1818 నాటికి క్రొత్తనిబంధన యంతయు తెలుగున వెలువడెను. తరువాత పెక్కు సంస్కరణములు జరిగినవి. భారత బైబిలు సొసైటీవారి ప్రచురణగా సంఘములలో నేటికిని విశేషముగ చదువబడుచున్న పాత అనువాదమును మేమిచ్చట ఆధారముగ గైకొంటిమి.

కొయినోనియా అను పదము క్రొత్తనిబంధనలో ఇంచుమించు ఇరువది తావుల కలదు. యోహాను మొదటి పత్రిక తొలి యధ్యాయమున నాలుగుమార్లు వచ్చును. అచ్చటనెల్ల తెలుగున ‘సహవాసము’ అనియే యున్నది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదియవ అధ్యాయమున ప్రభురాత్రి భోజనపు పాత్రను, రొట్టెను గూర్చి చెప్పునపుడు ఆ పదమే ‘పాలుపుచ్చుకొనుట’ అయినది. ఫిలిప్పీయుల పత్రిక మూడవ అధ్యాయమున క్రీస్తు శ్రమలను గూర్చి చెప్పునపుడు ‘పాలివాడు’ అను రూపమున వచ్చినది. వెలుగునకు చీకటితో సంబంధమేమి యని పౌలు ప్రశ్నించిన తావున ‘పొత్తు’ అయినది. యెరూషలేములోని బీదలకై మాసిదోనియ, అకయ సంఘములు ధనము కూర్చిన సందర్భమున ‘చందా’ అయినది. హెబ్రీయుల పత్రిక చివరి యధ్యాయమున ‘ధర్మము’ అయినది.

ఇందు అనువాదకుల దోషమేమియు లేదు. సందర్భముననుసరించి మాటను మార్చుట అనువాదధర్మమే. లాటిను బైబిలున సైతము ఈ పదమునకు ఒక్క మాట చాలలేదు. సహచర్యమునకొకటి, పాలుగొనుటకొకటి, ధనము కూర్చుటకొకటిగా వేరువేరు మాటలు వాడిరి. అయినను ఫలిత మొకటి గమనింపదగియున్నది. గ్రీకున చదువువానికి దేవునితోడి సంబంధమును, ప్రభువు బల్లయొద్ది రొట్టెయు, ఖైదులోని అపొస్తలుని శ్రమయు, బీదలకిచ్చు ధనమును ఒక్క మాటచే ముడివడి కనిపించును. తెలుగున మాత్రమే చదువువానికి ఆ ముడి కనబడదు. సహవాసము భక్తికి, చందా లెక్కలపుస్తకమునకు చెందినవని తోచును. మొదట చెప్పిన విభజనకు ఇది యొక కారణమని మా యభిప్రాయము.

3. తెలుగు మాటల బలము

అయితే తెలుగు మాటలు మూలమునకు నష్టమునే కలిగించినవనుట న్యాయము గాదు. ఒక్కొక్కటియు తనదైన దానినొకదానిని చేర్చినది.

‘సహవాసము’ అనగా కూడి వసించుట. ఇందు ఉమ్మడి ఆస్తి ప్రసక్తి లేదు, కాలప్రసక్తి కలదు. ఒక దినపు పరిచయము సహవాసము కాజాలదు. ఆరునెలలు సహవాసము చేసిన వారు వీరగుదురను లోకోక్తి తెలుగునాట నెల్లరు నెరిగినదే. వ్యావహారికమున ‘సావాసము’గా మారిన ఈ పదమునందు, మనుష్యుడు తానెవ్వరితో వసించునో వారివలె మారుననెడి లోకానుభవ మిమిడియున్నది. ఇది యోహాను భావమునకు మిక్కిలి సమీపమైనది. యోహాను రచనలయందు ‘నిలిచియుండుట’ యను నర్థముగల క్రియ పదేపదే వచ్చును. తీగె ద్రాక్షావల్లియందు నిలిచియుండును. విశ్వాసి దేవునియందు, దేవుడు విశ్వాసియందు నిలిచియుందురు. వాక్యము శరీరధారియై మనుష్యులమధ్య నివసించెనని సువార్త తొలి యధ్యాయము. కావున సహవాసమునకు మొదలు మనుష్యుని ప్రయత్నము గాదు; దేవుడే మనుష్యులచెంత వాసమునకు వచ్చుట. కొయినోనియాలో స్పష్టముగా లేని ఈ ‘వాస’భావమును తెలుగుపదము తనంతట తానే సమకూర్చినది.

‘పాలివాడు’ అనుమాట మరింత విచిత్రమైనది. తెలుగున పాలివాడనగా జ్ఞాతి, దాయాది. ఆస్తిలో పాలుగలవాడు. పాలివారి వైరములు మనకు క్రొత్తగావు; భారతకథ యంతయు పాలివారి కథయే. పంచుకొనుటకై కలహించువానిని తెలుపు ఈ మాటను అనువాదకులు శ్రమలను పంచుకొనువానికి వాడిరి. రాజ్యమున పాలడుగు పాలివాడు వేరు, మరణమున పాలడుగు పాలివాడు వేరు. అయినను మాట యొక్కటే. ఇది తెలిసి చేసిరో, తెలియక చేసిరో, తెలుగు చదువరికి ఇందు గొప్ప యర్థము దొరకును. క్రైస్తవ సహోదరత్వమున హక్కు బాధ్యతగా మారుచున్నది.

‘పొత్తు’ అనునది నేడు ఎన్నికల కాలమున పక్షముల కూడికను తెలుపుటకే యెక్కువగా వినబడుచున్నది. పూర్వము ‘పొత్తున కుడుచుట’ అనగా ఒకే పాత్రలో కలిసి తినుట. ప్రభువు బల్లయొద్ది ఒకే రొట్టె, ఒకే పాత్ర అను భావమునకు ఇంతకన్న దగ్గరి తెలుగుమాట లేదేమో. ఆ సందర్భమున దీనిని వాడకపోవుట చింతింపదగినదని మేము తలచుచున్నాము.

4. పంక్తి ప్రశ్న

కలిసి తినుటయను మాట తెలుగునాట సామాన్యమైనది గాదు. ఎవ్వరు ఎవ్వరి పంక్తిని కూర్చుండవచ్చుననునది కులవ్యవస్థకు గుండెకాయ వంటిది. భక్తుల మధ్య ఈ హద్దును చెరపబూనిన ప్రయత్నము క్రైస్తవమునకు మునుపే ఇచ్చట కలదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము శివభక్తులకు కులము లేదని చాటినది. సజ్జన సాంగత్య ప్రశంస భర్తృహరి సుభాషితములనుండి మన శతకములవరకు వ్యాపించినది. అయితే సజ్జన సాంగత్యమున నెదుటివాని సుగుణము ఆకర్షణకు కారణము. యోహాను పత్రికలోని సహవాసమునకు ఆధారము వేరు. మాయందు పాపము లేదనువారు తమ్ము తామే మోసపుచ్చుకొందురని, ఒప్పుకొనువారికి క్షమాపణ కలదని అందు చెప్పబడినది. అనగా క్షమింపబడినవారి కూటమియే గాని యోగ్యుల కూటమి గాదు. కనుకనే ఎదుటివాని యోగ్యతను విచారించు నధికారము ఎవ్వరికిని లేదు.

ఈ సూత్రము తెలుగునాట పరీక్షకు గురియైన సందర్భములలో నొకటి ఒంగోలున జరిగెను. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అచ్చటికి వచ్చెను. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురితో సంఘ మేర్పడెను. యెఱ్ఱగుంట్ల పేరయ్య మూలమున మాదిగలు విశ్వసించి వచ్చుచుండగా, అంతవరకు మిషనునెడ ఆదరముచూపిన పట్టణములోని అగ్రకులములవారు, వీరిని చేర్చుకొన్నచో తాము రాజాలమని తెలిపిరి. ఆ సంకటమున తానును, తన భార్యయు వేరువేరు గదులలో బైబిలు తెరవగా, ఇరువురికిని కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగము కనబడినదని క్లౌ తన స్మృతులలో చెప్పెను. లోకదృష్టికి ఘనులు, జ్ఞానులు అనేకులు పిలువబడలేదని అందలి భావము. మాదిగలు చేర్చుకొనబడిరి. పెద్దలు దూరమైరి. కరవు గడచిన పిమ్మట 1878 జులై 3వ తేదీ నొక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి.

ఈ సంఖ్య చరిత్రలో ప్రసిద్ధము. మాకు మాత్రము ఆ సంఖ్యకన్న మునుపటి నిర్ణయమే ముఖ్యముగా కనబడుచున్నది. సోదరుని వెలిపెట్టి దేవునితో సహవాసమును నిలుపుకొనుట సాధ్యమా యను ప్రశ్నకు అది యొక సమాధానము. అయినను దానితో సమస్య తీరినదని చెప్పరాదు. కులమునుబట్టి సంఘములు వేరగుటయు, శ్మశానములు సైతము వేరగుటయు నేటికిని కొన్ని తావుల కలదు. ఒకే పాత్రను త్రాగి వేరువేరు పంక్తుల కూర్చుండువారికి పాలు కలదు, పొత్తు లేదు.

5. ఇచ్చుట, కూడియుండుట

పై యుదాహరణమున బల్లయొద్ద చోటిచ్చుట ప్రశ్న. దీనికి మరొక పార్శ్వము కలదు. తిరునెల్వేలి ప్రాంతమునుండి 1909లో తెలంగాణములోని దోర్నకల్లునకు సేవకై వచ్చిన వి. యస్. అజరయ్య 1910లో ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభలో ప్రసంగించెను. పాశ్చాత్య మిషనరీలు భారతీయులకై ధనము నిచ్చిరి, దేహములను సైతము అర్పించిరి. కాని భారతీయులు కోరునది ప్రేమ, స్నేహితులు కావలెనని ఆయన చెప్పిన మాటలు సభను కలవరపెట్టెను. అనగా అచ్చట చందా కలదు, ధర్మము కలదు, సహవాసము లేదు. ఇచ్చువాడు పైనను, పుచ్చుకొనువాడు క్రిందను నిలిచినంతకాలము కొయినోనియా లేదు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పు అయి, దోర్నకల్ మండలమును 1945లో మరణించువరకు పాలించెను.

గమనింపదగిన దేమన, స్నేహమును కోరిన ఆయనయే బీద గ్రామసంఘములకు ఇచ్చుటను గట్టిగా నేర్పెను. క్రైస్తవ దానమును గూర్చి గ్రంథమును సైతము రచించెను. తెలుగు గ్రామసంఘములలో స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి వేరుకుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చెడి యాచార మందరెరిగినదే. కూలిచేసికొను ఇల్లాలు తీసిన ఆ పిడికెడు బియ్యము కేవలము ధర్మము గాదు. పుచ్చుకొనుటయే తన వంతనుకొనెడి స్థితినుండి ఆమె పాలిదగుచున్నది. పౌలు ‘చందా’ సందర్భమున కొయినోనియా యనుట ఎందులకో ఆ కుండ వివరించును.

6. వృద్ధి యనగా నేమి?

సహవాసమున వృద్ధిపొందుట యనగా ఏకాంత భక్తి యొకవైపు, సంఘజీవన మొకవైపు పెరుగుట గాదని పై విచారణవలన తేలుచున్నది. యోహాను మొదటి పత్రిక మూడవ అధ్యాయమున ఒక ప్రశ్న కలదు. ఈ లోకపు కలిమిగలవాడు సహోదరుని లేమిని చూచియు తన హృదయమును మూసికొన్నచో, దేవుని ప్రేమ వానియందెట్లు నిలుచును? ఇచ్చట ‘నిలుచుట’యు, ‘పంచుకొనుట’యు నొక్క వాక్యమున కలిసినవి. సహవాసమను తెలుగుమాట మొదటిదానిని చక్కగా చెప్పును. పాలు, పొత్తు, చందా యనుమాటలు రెండవదానిని చెప్పును. చదువరి వీనిని మరల నొక్కటిగా ముడివేసికొనవలెను.

ఆరునెలల సహవాసముతో వారు వీరగుదురన్న లోకోక్తిని ఇచ్చటికి అన్వయించినచో, దేవునితో వసించువాడు దేవునివలె ఇచ్చువాడు కావలెను. కానిచో వాసమునందే సందేహము. తెలుగు విద్యార్థులు క్రైస్తవ వాఙ్మయమును చదువునపుడు, ‘సహవాసము’ కనబడిన తావులనే గాక, ‘పాలు’, ‘పొత్తు’, ‘చందా’, ‘ధర్మము’ కనబడిన తావులను సైతము ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింతురు గాక. పెక్కు వ్యాఖ్యానములు చెప్పని సంగతి ఆ యారు మాటల పట్టికయే చెప్పును.