బ్యాటరీ ‘కొండెక్కకుండా’ కొండెక్కాలంటే...

దీపం ఆరిపోయిందని నోటితో అనడం ఇష్టంలేక ‘కొండెక్కింది’ అంటారు మన పెద్దలు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున లంబసింగి వెళ్తే ఆ మాటకు అసలైన అర్థం కళ్లముందు కనపడుతుంది. మంచు చూద్దామని మైదానం నుంచి వచ్చిన బళ్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. తిరుగు ప్రయాణానికి అందరూ ఎక్కి కూర్చున్నాక వాటిలో ఒకటో రెండో ‘టక్... టక్...’మని ఊరుకుంటాయి. తాళం తిప్పిన కొద్దీ మీటరు దగ్గర దీపాలు మిణుకుమిణుకుమంటాయి తప్ప ఇంజిన్లో చలనం ఉండదు. బండి కొండెక్కింది, దానితోపాటు బ్యాటరీ కూడా!

విహారానికి వచ్చినవాళ్లకు అదో గంట ఆలస్యం, తర్వాత చెప్పుకుని నవ్వుకోవడానికో ముచ్చట. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి దారుల్లో రోజూ తిరిగే జీపులకు మాత్రం ఇది నవ్వులాట కాదు. దారిలేని గూడెం నుంచి గర్భిణిని డోలీలో మోసుకొస్తే, రోడ్డు మొదలైన చోట ఎదురుచూసేది ఆ బండే. అర్ధరాత్రి, వాన, ఫోనుకు సిగ్నలుండదు. అలాంటప్పుడు సెల్ఫ్ అందుకోకపోతే? అందుకే కొండదారుల్లో తిరిగే బండికి బ్యాటరీ కొనడమంటే ఊళ్లో కారుకు కొన్నట్టు కాదు. కొట్టుకెళ్లి ‘ఎన్నేళ్ల వారంటీ? పాతదానికి ఎంతిస్తారు?’ అని రెండే ప్రశ్నలడిగి తెచ్చేసుకుంటే కుదరదు. మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం... ఇది కుదుపులకు ఆగుతుందా?

చంపేది ఎండ, పట్టిచ్చేది చలి

చలికాలంలో మొరాయించింది కాబట్టి చలే బ్యాటరీని పాడుచేసిందనుకుంటాం. అసలు దోషి వేరు. బ్యాటరీ లోపల ఉన్నది సీసపు పలకలు, గంధకామ్లం కలిసిన నీళ్లు. 1859లో ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటే లోపల ఆరు గదులు, ఒక్కో గది రెండు వోల్టులకు కాస్త పైన. ఎండ ముదిరితే ఈ గదుల్లో నీరు ఆవిరవుతుంది, పలకల చట్రాలు తొందరగా తినేసినట్టయిపోతాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. మే నెలలో కొత్తగూడెం, రామగుండం లాంటి చోట్ల బయటే 45 డిగ్రీలు దాటుతుంది. ఇక బానెట్ కింద ఇంజిన్ పక్కన పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పాలా!

అలా వేసవిలో సగం చచ్చిన బ్యాటరీ వానాకాలమంతా ఎలాగోలా నెట్టుకొస్తుంది. చలిలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది కాబట్టి ఇంజిన్ను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. సరిగ్గా అప్పుడే బ్యాటరీలో రసాయన చర్య మందగించి, ఇవ్వగలిగే బలం తగ్గుతుంది. అప్పటిదాకా దాగిన జబ్బు బయటపడేది ఆ తెల్లవారుజామునే. వేసవి అయిపోగానే ఒకసారి బ్యాటరీ చూపించుకుంటే సగం ఇబ్బంది తప్పుతుంది. మనం మాత్రం సంక్రాంతికి ఊరెళ్లే ముందురోజు గుర్తుచేసుకుంటాం!

ఎండ అందరికీ ఒకటే. గతుకుల దారిలో తిరిగే బండికి అదనంగా వచ్చే శత్రువు కుదుపు. సీసపు పలకలకు పూసిన ముద్ద లాంటి పదార్థమే కరెంటును దాచుకునేది. బండి గంటల తరబడి ఎగిరెగిరి పడుతుంటే ఆ ముద్ద కొద్దికొద్దిగా రాలి అడుగున బురదలా పేరుకుంటుంది. ఆ బురద ఎత్తు పెరిగి పలకలకు తగిలిందా, ఆ గది షార్టయినట్టే. మరోరకం చావు ఇంకా మోసకరమైనది. పలకలను కలిపే సీసపు అతుకు లోపల పగులుతుంది. దీపాలు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ కొడితే మాత్రం ఒక్కసారిగా అంతా చీకటి. బానెట్ మీద నాలుగు దెబ్బలేస్తే మళ్లీ స్టార్టవుతుంది కూడా! ‘బాగుచేశాను చూడు’ అని మీసం మెలేసే డ్రైవర్లు దీన్ని చూసే నమ్ముతారు. అది బాగవడం కాదు, చివరి హెచ్చరిక.

తోసినా లాభం లేదు

విద్యుత్ సెల్ఫ్ స్టార్టర్ 1912లో అమెరికాలో క్యాడిలాక్ కార్లతో మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందంతా హ్యాండిల్ పెట్టి తిప్పడమే. మన పాత జీపులకూ ముందు బంపరు దగ్గర హ్యాండిల్ దూర్చే బెజ్జం ఉండేది. బ్యాటరీ లేకపోయినా పల్లంలోకి వదిలి క్లచ్ వదిలితే ఆ డీజిల్ ఇంజిన్ అందుకునేది. ఆ ధైర్యంతోనే చాలామంది ఇప్పటికీ నాసిరకం బ్యాటరీతో కాలం గడుపుతున్నారు. ఇప్పటి థార్, బొలెరో, స్కార్పియోల ఇంజిన్లకు డీజిల్ పోసేది కంప్యూటర్. దానికి, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లకు కూడా కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఊరంతా కలిసి తోసినా అవి కదలవు. ఆటోమేటిక్ గేర్లయితే తోయడమన్న ప్రశ్నే లేదు.

ఇంతకీ మార్చాల్సింది బ్యాటరీనేనా?

కొత్తది కొనేముందు వందల రూపాయల్లో దొరికే మల్టీమీటరుతో అయిదు నిమిషాలు గడపండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో తెల్లారే చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 ఉంటే సగం ఛార్జే ఉన్నట్టు. 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా చూస్తే 13.8 నుంచి 14.5 మధ్య కనిపించాలి. అంతకు తక్కువైతే తప్పు ఆల్టర్నేటర్‌దో, వదులైన బెల్టుదో, తుప్పుపట్టిన ఎర్త్ వైరుదో కావచ్చు. పాపం బ్యాటరీ ఏంచేస్తుంది! 14.8, 15 దాటుతోందంటే రెగ్యులేటర్ పాడై బ్యాటరీని ఉడకబెడుతోందన్నమాట. ఈ రెండూ సరిచేయకుండా కొత్తది పెట్టారంటే ఏడాది తిరిగేసరికి మళ్లీ కొట్టు ముందే ఉంటారు.

పాత జీపులున్నవాళ్లకు ఇక్కడో కిటుకు ఉంది. ఇప్పుడొచ్చే ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ బ్యాటరీల్లో పలకలకు కాల్షియం కలిపిన సీసం వాడతారు. అందుకే నీళ్లు అంతగా తగ్గవు. ఇవి నిండడానికి మాత్రం కాస్త ఎక్కువ వోల్టేజి అడుగుతాయి. పాత ఆల్టర్నేటరు 13.8 దగ్గరే ఆగిపోతుంటే ఇవి ఎప్పటికీ పూర్తిగా నిండవు. ఎప్పుడూ అరకడుపుతో ఉన్న బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మొండికేస్తుంది. అలాంటి బండికి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసుకునే పాతరకమే మేలు. కాకపోతే నెలకోసారి చూసుకునే ఓపిక ఉండాలి.

అన్నట్టు, బ్యాటరీ పైన పచ్చగా కనిపించే ‘కన్ను’ను చూసి నిశ్చింతగా ఉండకండి. అది చూసేది ఆరు గదుల్లో ఒక్కదాన్నే. మిగతా అయిదింటి సంగతి దానికి తెలీదు.

కొట్టు దగ్గర ఏం చూడాలి?

బ్రాండు గురించే అందరూ ముందు అడుగుతారు. ఎక్సైడ్ పేరు తాతల నాటి నుంచీ తెలిసిందే. 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన మన అమరరాజా సంస్థ 2000లో ‘అమరాన్’ పేరుతో వాహనాల బ్యాటరీలు మార్కెట్లోకి తెచ్చింది. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారైన బ్యాటరీలు దేశమంతా తిరుగుతున్నాయి. పేరున్న ఏ సంస్థ అయినా మంచి రకమూ చేస్తుంది, చవక రకమూ చేస్తుంది. కాబట్టి పేరుకన్నా లోపలి రకాన్ని చూడాలి.

మామూలు యాసిడ్ బ్యాటరీకి పైమెట్టు ఈఎఫ్‌బీ. ఇందులో పలకల మీద పాలియెస్టర్ పొర కప్పి, ముద్ద రాలకుండా పట్టి ఉంచుతారు. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే బళ్ల కోసం దీన్ని తెచ్చారు. రాలకుండా ఉండటమన్న గుణం గతుకుల దారికీ పనికొస్తుంది. దానికీ పైన ఏజీఎం. 1970ల్లో అమెరికాలో రూపుదిద్దుకున్న ఈ రకంలో యాసిడ్ స్వేచ్ఛగా కదలదు. సన్నటి గాజునూలు పరుపుల్లో ఇంకి ఉంటుంది. పలకలను ఆ పరుపులతో కలిపి బిగించి కూరుతారు కాబట్టి కుదుపుకు కదిలే సందే ఉండదు. బండి ఎంత వాలినా యాసిడ్ ఒలకదు. బురదలో నుంచి బండిని లాగే వించ్ పెట్టించుకున్నవాళ్లకు ఇదే సరైనది. పూర్తి బరువు మీద వించ్ 400 ఆంపియర్ల దాకా లాగేయగలదు మరి!

అయితే కుదుపుకు రాయిలా నిలిచే ఏజీఎం వేడిని, ఎక్కువ ఛార్జింగును మాత్రం సహించదు. అందులో నీరు తగ్గితే మళ్లీ పోసే వీల్లేదు. ఎగ్జాస్టు పక్కనే బ్యాటరీ ఉండే బండిలో, రెగ్యులేటరు నమ్మకంలేని పాత జీపులో దీన్ని పెడితే ధర దండగ. ఏజెన్సీలో జనాన్ని ఎక్కించుకు తిరిగే బండికి నన్నడిగితే మంచి రకం ఈఎఫ్‌బీ చాలు. లేదా గట్టి కట్టుబడి ఉన్న యాసిడ్ బ్యాటరీ అయినా సరే. మిగిలిన డబ్బు వైర్లు, క్లాంపుల మీద పెట్టడం తెలివైన పని. ఒకటి మాత్రం మరవద్దు. కంపెనీ నుంచి వచ్చినప్పుడే ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ ఉన్న బండికి చవకని మామూలుది పెట్టకూడదు. లిథియం బ్యాటరీలు తేలికే, కానీ బానెట్ కింద వేడికి, ఆల్టర్నేటరుకు తగ్గట్టు ఏర్పాట్లు చేసుకోకుండా దిగొద్దు.

ఎక్కువ ఆంపియర్ అవర్లున్నది పెడితే ఆల్టర్నేటర్ కాలిపోతుందని కొందరు భయపెడతారు. కొంచెం పెద్దది పెట్టినంత మాత్రాన ఏమీ కాదు, నిండడానికి కాస్త ఎక్కువసేపు పడుతుందంతే. ప్రమాదం సైజుతో వస్తుంది. ట్రేలో పట్టని బ్యాటరీని అడ్డదిడ్డంగా కూర్చోబెడితే బిగింపు కుదరదు. ఎత్తు ఎక్కువైతే గతుకులో టెర్మినల్ బానెట్‌కు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ప్లస్, మైనస్ ఏ పక్కన ఉన్నాయో కూడా చూడాలి. పేరు చివర ఎల్, ఆర్ అని ఉండేది అందుకే. వైరు అందట్లేదని లాగి తగిలిస్తే మొదటి ఘాట్ రోడ్డులోనే ఊడుతుంది. సీసీఏ అని రాసి ఉండే అంకె మైనస్ 18 డిగ్రీల చలిలో ఎంత బలంగా తిప్పగలదో చెప్పేది. లంబసింగిలో అంత చలి ఉండదు కానీ, ఒకే సైజు బ్యాటరీలు రెండింటిని పోల్చడానికి పనికొస్తుంది. డీజిల్ బండికి ఈ అంకె తయారీదారు చెప్పినదానికన్నా తగ్గకూడదు.

తయారైన తేదీ తప్పక అడగండి. బ్యాటరీ కొట్లో ఊరికే ఉన్నా కొంచెం కొంచెంగా దిగిపోతుంది, ఎండ ప్రాంతాల్లో మరీ తొందరగా. మూడు నెలలు దాటినదైతే ఛార్జ్ చేయించి, మీటరు పెట్టి 12.5 పైన చూపిస్తేనే తీసుకోండి. వారంటీ కార్డులో ‘24+24’ అని ఉంటే నాలుగేళ్లూ ఉచితంగా మారుస్తారని మురిసిపోవద్దు. మొదటి 24 నెలలే ఉచితం, తర్వాతి 24 నెలల్లో కొత్తదాని ధరలో కొంత తగ్గింపు ఇస్తారంతే. అద్దెకు తిప్పే బళ్లకు ఈ గడువు తక్కువగా ఉంటుంది. సొంతబండని రాయించుకుని తర్వాత గొడవపడేకన్నా మొదటే నిజం చెప్పి రాయించుకోవడం నయం.

బిగింపులోనే ఉంది బతుకు

ఎంత ఖరీదైన బ్యాటరీ అయినా ట్రేలో కదులుతుంటే ఏడాది నిలవదు. కొండ జీపుల్లో బానెట్ ఎత్తి చూడండి... బ్యాటరీని పట్టి ఉంచేది సైకిల్ ట్యూబు ముక్కో, కొబ్బరితాడో! ఆ పట్టీ బోల్టులకయ్యేది మహా అయితే కొన్ని వందలు. కింద పల్చటి రబ్బరు షీటు వేసి, పైన పట్టీ బిగించి, చేత్తో ఊపితే బండి ఊగాలి కానీ బ్యాటరీ కదలకూడదు. అలాగని డబ్బా సొట్టపడేలా బిగించొద్దు. టెర్మినళ్ల దగ్గర తెల్లగా, పచ్చగా పూచిన పూతను వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు. విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా షార్టు కాకుండా ఉండటానికే ఈ వరస. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. యాసిడ్ పోస్తే బలం వస్తుందన్నది ఒట్టి మాట. చీకట్లో అగ్గిపుల్ల గీసి లోపల నీళ్లెంతున్నాయో చూసే అలవాటు మాత్రం ఈ రోజే మానేయాలి. ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, అది పేలితే మొహం మీదకు చిమ్మేది యాసిడ్.

వాగు దాటుతుండగా నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లలోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అప్పుడు ఖర్చు బ్యాటరీతో పోదు.

ఇక పాతది. పిల్లలాడుకునే పెరట్లో దాన్ని పడేసుకోకండి, కాటా మీద తూచి కొనుక్కెళ్లే తుక్కువాళ్లకు ఇవ్వకండి. వాళ్లలో కొందరు యాసిడ్‌ను కాలువలో పారబోసి, సీసాన్ని ఆరుబయట కరిగిస్తారు. ఆ పొగ, దుమ్ము పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. వాడిన బ్యాటరీలను వెనక్కి తీసుకోవాలని 2001లోనే నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2022లో వచ్చిన కొత్త నిబంధనలు తయారీదారుల బాధ్యతను మరింత పెంచాయి. కొత్తది కొన్న కొట్లోనే పాతది అప్పగించి, దానికిచ్చిన తగ్గింపును బిల్లులో రాయించుకోండి. ఆ బిల్లునూ, ముద్రవేసిన వారంటీ కార్డునూ బండి కాగితాలతోపాటే పెట్టుకోండి. కొండ మీద ఆగినప్పుడు అవి ఇంట్లో బీరువాలో ఉంటే ఉపయోగం లేదు కదా!