క్యాసెట్‌లోని గొంతును కాపాడుకోవడం ఎలా?

ఆడియో క్యాసెట్‌ను ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టింది. ఇప్పుడు వాటిని కొనేవారు అరుదే అయినా, చాలా ఇళ్లలో బీరువా అడుగున కొన్ని మిగిలే ఉన్నాయి. సినిమా పాటల క్యాసెట్ పాడైతే ఆ పాటలు మరోచోట దొరుకుతాయి. తాతగారు చెప్పిన కథో, ఊళ్లో రికార్డు చేసిన బుర్రకథో ఉన్న క్యాసెట్ సంగతి అలా కాదు. దానికి రెండో ప్రతి ఉండదు. కాబట్టి టేపు ఎలా తయారవుతుందో, ఎలా పాడవుతుందో పరిశీలిద్దాం.

పలుచని పాలియెస్టర్ పొర మీద ఐరన్ ఆక్సైడ్ వంటి అయస్కాంత పదార్థపు సూక్ష్మ కణాలను జిగురులో కలిపి పూస్తారు. ధ్వనికి అనుగుణంగా ఈ కణాల అయస్కాంతీకరణ మారడమే రికార్డింగ్. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు 30 నిమిషాలు. లెక్క కడితే టేపు పొడవు సుమారు 86 మీటర్లు వస్తుంది. 90 నిమిషాలదానికి దాదాపు 129 మీటర్లు కావాలి. క్యాసెట్ పరిమాణం మాత్రం మారదు! అందుకే టేపు మందాన్ని సుమారు 18 మైక్రాన్ల నుండి 12కు తగ్గించారు. 120 నిమిషాలదానిలో అది 9 మైక్రాన్లే. ఇంత పలుచని టేపు సులభంగా సాగుతుంది, చిక్కుపడుతుంది.

అందరూ అయస్కాంతానికి భయపడతారు. స్పీకరు మీద క్యాసెట్ పెట్టకూడదన్నది నిజమే. అయితే అయస్కాంత క్షేత్రం దూరంతో పాటు చాలా త్వరగా తగ్గిపోతుంది, మూరెడు దూరం ఉంటే చాలు. మన వాతావరణంలో అసలు శత్రువు తేమ అని నా అభిప్రాయం. తేమ వల్ల జిగురు జలవిశ్లేషణ చెంది మెత్తబడుతుంది. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ప్రాంతంలో, టేపు చుట్ట అంచున తెల్లని బూజు పడుతుంది. క్యాసెట్ మధ్యనున్న పారదర్శక భాగంలోంచి చూస్తే అది కనిపిస్తుంది. అలాంటిదాన్ని టేపురికార్డరులో పెట్టవద్దు. పొరలు అంటుకొని టేపు తెగవచ్చు, బూజు హెడ్‌కు అంటి ఇతర క్యాసెట్లకూ పాకవచ్చు. ఎండలో ఆరబెట్టడం ఇంకా ప్రమాదం, వేడికి ప్లాస్టిక్ వంగిపోతుంది. విలువైన రికార్డింగ్ అయితే నిపుణులకు అప్పగించడమే మేలు.

బాగున్న క్యాసెట్లను టేపంతా ఒకే వైపుకు చుట్టి, నిలువుగా నిలబెట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. క్యాసెట్ వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచేస్తే పొరపాటున మళ్లీ రికార్డు కాదు.

యంత్రం శుభ్రత కూడా ముఖ్యమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్‌ను తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. దూదికి అంటే గోధుమరంగు చాలావరకు పాత టేపుల నుండి రాలిన ఆక్సైడే! రబ్బరు రోలరుకు కొద్దిగా తడిపిన గుడ్డ చాలు.

ఇక కంప్యూటరులోకి ఎక్కించే పని. చాలాకాలంగా కదలని టేపును ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టండి. ఆ తరువాత మొదటిసారి వినేటప్పుడే రికార్డు చేయండి. ఫైలుకు మనిషి పేరు, ఊరు, సంవత్సరం చేర్చి రెండు వేర్వేరు చోట్ల దాచండి. కాపీ అయింది కదా అని క్యాసెట్‌ను మాత్రం పారవేయకండి.